హంతకుడైన డాక్టరు: శ్రీ సుంకప్ప, మేస్త్రీ

కథ చివర ఏమవుతుందో ముందే చెప్పేసే మనిషిని దేవుడు చల్లగా చూడాలి!

అంతటి ఉపకారి ఈ భూమ్మీద ఇంకొకడు లేడు. మీరే ఆలోచించండి. టూరింగ్ టాకీసులో నేల టికెట్టు కొనుక్కొని, ఇసుక కుప్పగా చేసుకొని దానిమీద కూర్చొని, ఆ తెరమీది పిల్ల బతుకుతుందా చస్తుందా అని మీరు గుండె చేత్తో పట్టుకొని ఉంటారు. వెనక నుంచి ఒక గొంతు, "బతుకుతాది లేప్పా, నేను మూడుతూర్లు చూసినా," అంటుంది. ఎంత హాయి! ఆ గొంతు లేకపోతే మీ గుండె గతి ఏమిటి? ఆస్పత్రికి గుత్తి దాకా పోవాలి. పోతే మాత్రం, డాక్టరు ఉంటాడని ఎవరు పూచీ?

ఈ కాలపు చదువుకున్నవాళ్లు దీన్ని న్యూసెన్స్ అంటున్నారు. సస్పెన్స్ చెడిపోతుందట! అయ్యా, అనంతపురం జిల్లావాడికి సస్పెన్స్ కరువా? మిగతావన్నీ కరువే కానీ అది మాత్రం కాదు. జూన్ నెల మొదలు దీపావళి దాకా మెడలు నొప్పి పుట్టేట్టు పైకి చూస్తూ మనం చేసే పని ఏమిటి? ఆ మబ్బు ఇక్కడ నిలుస్తుందా, బళ్లారి వైపు పోతుందా? ఏటా ఐదు నెలలు, టికెట్టు లేకుండా!

ఇప్పుడు చెప్పబోయే ఏడాది సంగతి వినండి. నాలుగేండ్ల కిందటి మాట. ఆ ఏడు తాడిపత్రి పక్కన ఒకే ఒక్క చినుకు పడింది. అది అన్న చేనులో పడిందా తమ్ముడి చేనులో పడిందా అని మూడు నెలలు పంచాయతీ జరిగింది. తీర్పు వచ్చేలోపల చినుకు ఆరిపోయింది. ఇంత భరించినవాడికి, ఆదివారం పూట నాటకానికి పోతే అక్కడ కూడా సస్పెన్సేనా? మానవత్వం ఉన్నవాడు ఎవడైనా ముందే చెప్పేస్తాడు!

ఈ ధర్మసూక్ష్మం తెలియక చెడిపోయిన మనిషి ఒకాయన ఉన్నాడు. పేరు శ్రీరంగప్ప. తాడిపత్రిలో బండల ఫ్యాక్టరీలో గుమాస్తా.

శ్రీరంగప్పకు నత్తి లేదు. తెలివి తక్కువా కాదు. మాటకూ మాటకూ మధ్య ఒక లారీ పోయేంత ఎడం ఇచ్చి మాట్లాడతాడు, అంతే. అదీ ఖాళీ లారీ కాదు, బండల లోడుతో ఎత్తు ఎక్కే లారీ.

మన జనం జాలిగుండె జనం. ఒక మనిషి సగం మాటలో నిలబడిపోతే చూస్తూ ఊరుకుంటారా? గుంతలో దిగబడిన బండిని తలా ఒక చెయ్యేసి తోసినట్టు, ఆయన వాక్యాన్ని ఎవరో ఒకరు తోసేసేవారు. ఎటు తోశారన్నది వేరే విషయం.

ఫ్యాక్టరీలో యజమానితో, "ఈ లోడు..." అనేవాడు. "గుంతకల్లుకే గదా, పంపు పంపు!" అనేవాడు యజమాని. లోడు ధర్మవరానిది. అట్లా దారితప్పిన బండలతో గుంతకల్లులో ఒక పుణ్యాత్ముడు ఇంటి ముందర అరుగు వేసుకున్నాడు. మిగిలినవాటితో పక్కింటికి కూడా వేశాడు. ఆ వీధికి వీధి శ్రీరంగప్ప పేరు చెప్పుకొని చల్లగా కూర్చుంటుందట.

పెళ్లిచూపుల్లో కూడా అంతే. "అమ్మాయికి..." అని నోరు తెరిచాడు. "ఏం తక్కువ? బంగారు బొమ్మ! ముహూర్తం పెట్టండి," అన్నారు పెద్దలు. అమ్మాయికి ఇష్టమేనా అని పాపం ఆయన అడగబోయాడు. అట్లా హనుమంతమ్మ ఆ ఇంటికి వచ్చింది.

హనుమంతమ్మ మంచి ఇల్లాలు. చెయ్యి చురుకు, నోరు అంతకన్నా చురుకు. "నాకు ఈ పూట..." అని ఆయన మొదలుపెడితే, "తలనొప్పే గదా! ఎండలో తిరిగితే రాదా? పండుకో పో," అనేది. ఇంకొంచెం సంగటి అడగబోయిన మనిషి వెళ్లి పడుకొని, నుదుటికి శొంఠి పట్టు వేయించుకొని, ఆకలితో నిద్రపోయేవాడు. పంతొమ్మిదేండ్ల కాపరంలో ఆ ఇంట్లో ఆయన వాక్యం ఒక్కటైనా చివరి దాకా పోయిన దాఖలా లేదు.

ఎంత అదృష్టం! జీవితంలో మాట్లాడాల్సినదాంట్లో సగమే మాట్లాడి, మిగతా సగం ఊరిచేత ఉచితంగా చేయించుకున్నవాడు ఇంకెవడైనా ఉన్నాడా? అయినా ఆ మనిషికి విశ్వాసం లేదు. ఒక్కసారి, ఒక్కటంటే ఒక్కసారి, తాను మొదలుపెట్టినదాన్ని తానే ముగించాలని ఆశ పుట్టింది. జనం నోళ్లు మూసుకొని, తన నోటి వైపే చూస్తూ కూర్చోవాలి. చివరి మాట తన దగ్గరే ఉండాలి.

ఎవరూ పూర్తి చెయ్యలేని వాక్యం ఏది? బాగా ఆలోచించి, నాటకం రాశాడు.

మామూలు నాటకం కాదు, సైకలాజికల్ థ్రిల్లర్! పేరు "కిటికీ తెరిచిందెవరు?". మూడు అంకాలు. లారీ చీటీల వెనకవైపు మూడేండ్లు రాశాడు. మూడో అంకం చివర హంతకుడు బయటపడినప్పుడు జనమంతా ఒక్కసారి "ఆఁ!" అనాలి. ఆ "ఆఁ" కోసమే మిగతా రెండున్నర గంటలూ.

రాసి, ఊళ్లోని పినాకినీ కళావిలాస నాటక సమాజానికి తీసుకుపోయాడు. సమాజం సెక్రటరీ బసప్పకు బట్టల అంగడి. హీరో సుంకప్ప అదే బండల ఫ్యాక్టరీలో పాలిష్ మేస్త్రీ. అప్పటిదాకా ఆ సమాజంలో రాజులూ దేవుళ్లూ తప్ప మామూలు మనుషులు స్టేజీ ఎక్కి ఎరుగరు. సుంకప్ప రాగం తీస్తే పెన్నానదిలో నీళ్లు ఎగిరిపడేవంటారు. ఆ ఏడు పెన్నలో నీళ్లు లేవు కాబట్టి పరీక్షించే వీలు లేకపోయింది.

"సైకలాజికల్ అంటే ఏందప్పా?" అన్నాడు బసప్ప.

"మనసు లోపల..." అన్నాడు శ్రీరంగప్ప.

"అర్థమాయ. భక్తి!" అన్నాడు సుంకప్ప.

"కాదు. మనిషికి తెలీకుండానే వాని మనసు..."

"దయ్యం పట్టేది!" అన్నాడు బసప్ప. "అట్ల చెప్పు. యాపమండలు కావల్ల, రాసుకో."

మూడు రోజులు పట్టింది కథ చెప్పడానికి. రెండు రోజులు వాళ్లు చెప్పిన కథలు వినడానికి పోయాయి, ఒక రోజు తన కథ చెప్పడానికి. మీకు ఒక్క ముక్కలో చెప్తాను. మూసిన గదిలో ఒక పెద్దాసామి చచ్చిపడి ఉంటాడు. తలుపుకు లోపల గడియ. కిటికీ మాత్రం తెరిచి ఉంటుంది. పెద్దాసామికి మందిస్తుండే మనసు రోగాల డాక్టరు వచ్చి, ఇంట్లోవాళ్లను ఒక్కొక్కరినీ కూర్చోబెట్టి వాళ్ల మనసుల్లోకి తొంగిచూస్తాడు. చివరికి చూస్తే చంపింది ఆ డాక్టరే! నిద్రలో లేచి నడిచే మనిషి. తాను చంపినట్టు తనకే తెలియదు.

ఈ చివరి సంగతి సమాజంలో ఎవరికీ చెప్పలేదు. చివరి సీను కాగితం మీద కూడా పెట్టలేదు. అయితే డాక్టరు వేషం సుంకప్పది. ఆయనకైనా చెప్పక తప్పదు గదా! ఫ్యాక్టరీలో బండ కోసే మిషను పక్కకు తీసుకుపోయి, ఆ చప్పుడులో చెవి దగ్గర నోరు పెట్టి చెప్పాడు.

"నాకే తెలీకుండా నేను సంపేదేందప్పా?" అన్నాడు సుంకప్ప. "తెలిసి సంపితే గదా పేరు!"

"సుంకన్నా, ఈ సంగతి ఎవురికీ..."

"చెప్పను! ఈ బండమీద చెయ్యేసి చెప్తాండా."

మాటంటే మాటే. సుంకప్ప ఆ రహస్యాన్ని కడుపులో దాచుకున్నాడు. ఒక పూటంతా!

సాయంత్రం హ్యాండ్‌బిల్లు రాయడానికి సుంకప్పా బసప్పా బట్టల అంగట్లో కూర్చున్నారు. ఆ సమాజంలో ఒక ఆచారం ఉంది. నాటకం బాగుందా లేదా అన్నది తర్వాత, ముందు హ్యాండ్‌బిల్లులో ఎవరి పేరు ఎక్కడ, ఎంత లావు అక్షరాల్లో, వెనక ఏ బిరుదుతో అన్నది తేలాలి. వేషం పేరు పక్కన వేషధారి పేరు, ఆయన ఉద్యోగం, తప్పనిసరి. ఈ లెక్కన ఒకసారి ఇద్దరు రాజులు పేరు కోసం స్టేజీ ఎక్కకముందే యుద్ధం చేసుకొని, నాటకంలో సంధి సీను ఒక్కటే ఆడారు.

"డాక్టరు, శ్రీ సుంకప్ప, మేస్త్రీ," అని బసప్ప రాశాడు.

"ఉత్త డాక్టరేనా?" అన్నాడు సుంకప్ప. "ఇన్నేండ్లు రాజాధిరాజు, వీరాధివీరుడు అని ఏస్తిరి. ఇప్పుడు ఉత్త డాక్టరా? డాక్టర్లు ఊరికి ముగ్గురుండారు. నా ఏషానికి ఏం మర్యాద?"

"మరి ఏమని ఏయల్ల?"

సుంకప్ప అటూ ఇటూ చూశాడు. అటు ఎవరూ లేరు. ఇటు బసప్ప ఒక్కడే. "హంతకుడైన డాక్టరు అని ఎయ్యి. డాక్టర్లు ఎంతమందైనా ఉంటారు, హంతకుడు ఒకడే!"

బసప్ప "ఆఁ!" అన్నాడు. శ్రీరంగప్పకు రావలసిన "ఆఁ" అది. బట్టల అంగట్లో, తానుల మధ్య, రచయిత లేని సమయంలో ఖర్చయిపోయింది.

అచ్చాఫీసువాళ్లు ఇంకా మంచివాళ్లు. ఆ పంక్తిని ఎర్రసిరాలో కొట్టి, కింద ఒక చూపుడువేలు బొమ్మ కూడా వేశారు. "హంతకుడైన డాక్టరు: శ్రీ సుంకప్ప, మేస్త్రీ. హంతకుడెవరో తెలుసుకొనుటకు తప్పక రండు!"

వెయ్యి హ్యాండ్‌బిల్లులు! జట్కాకు మైకు కట్టి వీధివీధినా చదివారు. గుత్తి బస్సు కండక్టరు టికెట్టుతో పాటు ఒకటి చేతిలో పెట్టాడు. చదువు రానివాళ్లకు చదివి వినిపించాడు. జంక్షన్‌లో రైలెక్కినవాళ్లు కిటికీల్లోంచి విసిరేస్తే, నాటకం పేరు విననివాళ్లకు కూడా హంతకుడి పేరు తెలిసిపోయింది. ఎవరిదో మేక ఒక హ్యాండ్‌బిల్లు నమిలేసిందట. ఆనాటి నుంచి సుంకప్ప ఎదురైతే అది పక్క సందులోకి తప్పుకొనేదట. మంగలి సుంకప్పకు గడ్డం గీసేటప్పుడు కత్తి ఆయన చేతికి అందకుండా వీపు వెనక పెట్టుకొని గీశాడంటే నమ్మండి. ఎట్లా గీశాడని అడక్కండి. నమ్మండి, చాలు.

శ్రీరంగప్పకు ఈ విషయం చెప్పింది హనుమంతమ్మ. నీళ్ల బిందె దించుతూ, "ఏమయ్యా, సుంకన్నేనంట గదా సంపేది?" అంది. "కొళాయి కాడ అందరూ చెప్పుకొంటాండారు. పాపం, ఆయన పెండ్లాం కూడా సంతోషపడతాంది."

శ్రీరంగప్ప అన్నం ముందు నుంచి లేచి నేరుగా బట్టల అంగడికి పోయాడు. మూడేండ్ల చీటీలన్నీ కళ్ల ముందు గాలికి ఎగిరిపోతున్నాయి.

"బసప్పన్నా, హంతకుని పేరు ముందే..."

"ముందే ఏసినాం గదా, మొదటి వరసలోనే! ఎర్రసిరా కూడా. నాకు దండాలెందుకు లేప్పా, అచ్చాఫీసోనికి పెట్టు."

చూశారా? మెచ్చుకోవడానికి రాలేదని చెప్పే అవకాశం కూడా ఆయనకు మిగల్లేదు. సహాయం చేసేవాడు అట్లా ఉండాలి, పూర్తిగా!

శ్రీరంగప్ప రెండు రోజులు ఫ్యాక్టరీకి సెలవు పెట్టాడు. కారణం కూడా యజమానే రాసుకున్నాడు, "మేనత్త పోయింది" అని. మూడో రోజు బండలు కొట్టే క్వారీకి నడిచిపోయాడు. అక్కడ యేసన్న ఉంటాడు. యేసన్నది సమాజంలో పదహైదేండ్లుగా ఒకటే వేషం. ఏ నాటకమైనా సరే, చెంబుతో నీళ్లు తెచ్చి, "చిత్తం ప్రభూ," అని పోయే నౌకరు. ఈ నాటకంలో కూడా పెద్దాసామి ఇంటి నౌకరే.

"యేసన్నా," అన్నాడు శ్రీరంగప్ప. "నాటకంలో..."

యేసన్న సుత్తి కింద పెట్టి కూర్చున్నాడు. ఏమీ అనలేదు. బండ ఎప్పుడు పగులుతుందో అప్పుడే పగులుతుందని తెలిసిన మనిషి. ఒక లారీ పోయింది. ఇంకొకటి కూడా పోయింది.

"...సంపేది నువ్వు కావల్ల," అన్నాడు శ్రీరంగప్ప.

వాక్యం ముగిసింది! ఆయనకే నమ్మకం కలగక, వెనక్కి తిరిగి చూసుకున్నాడు.

"నేనా?" అన్నాడు యేసన్న. "పదహైదేండ్లుగా నీళ్లు మోసి మోసి నా చెంబుకే బొక్క పడింది. ఒకన్నన్నా సంపనీప్పా! ఆదివారం పొద్దున ఆరాధన చూసుకొని, మద్యాన్నానికి వచ్చి సంపేస్తా. యాల సంపినానో మాత్రం చెప్పు."

ఎందుకు చంపాడో శ్రీరంగప్ప చెప్పాడు. ఏండ్ల తరబడి చిత్తం, చిత్తం అని చెప్పి చెప్పి, మనసు అడుగున ఎక్కడో ఒక "కాదు" పేరుకుపోతుంది. ఒకనాడు పెద్దాసామి నీళ్లు అడిగినప్పుడు ఆ "కాదు" లేచి నిలబడుతుంది. యేసన్న సుత్తి మళ్లీ చేతిలోకి తీసుకున్నాడు. తర్వాత, "ఇది నిజమే," అన్నాడు. ఈ ఒప్పందం ఆ ఇద్దరికి తప్ప మూడో మనిషికి తెలియదు. ఎంత స్వార్థం చూడండి!

నాటకం రోజు వచ్చింది. కరెంటు కోత వల్ల ఆదివారం మధ్యాహ్నం మూడు గంటలకే ఏర్పాటు. బండల గోడౌను ఒకటి ఖాళీ చేసి స్టేజీ కట్టారు. ఆరువందల మంది. పైన రేకులు. లోపలికి పోయేటప్పుడు పచ్చి చెనిక్కాయలు కొనుక్కున్నవాళ్లు కూర్చునేసరికి వేయించినవి తిన్నారు. ముఖ్య అతిథిగా సర్కిల్ ఇన్‌స్పెక్టరు గారు వచ్చారు. హత్య గురించి కదా అని బసప్పే పిలిచాడు.

తెర లేచింది. డాక్టరు వేషంలో సుంకప్ప అడుగుపెట్టగానే చప్పట్లు! "వచ్చె, వచ్చె, సంపేటోడు వచ్చె!" సుంకప్ప నలువైపులా నమస్కారం పెట్టాడు. మామూలుగా హంతకులు ఇంత మర్యాదగా ఉండరు.

మొదటి అంకంలో పెద్దాసామి పడుకోబోతూ డాక్టరు ఇచ్చిన మందు చేతిలోకి తీసుకున్నాడు.

"తాగద్దు సామీ! వాడే నిన్ను సంపేది!" అని ముందు వరసలోంచి ఒక పెద్దాయన లేచాడు.

"హ్యాండ్‌బిల్లు చూడలేదా నువ్వు?" అని ఇంకొకాయన.

పెద్దాసామి వేషగాడు చెయ్యి పైకెత్తినవాడు ఎత్తినట్టే నిలబడిపోయాడు. తాగితే జనానికి కోపం, తాగకపోతే నాటకం నిలిచిపోతుంది. చివరికి జనం చూడకుండా కొంచెం భుజం మీద పోసుకొని, తాగినట్టు తల ఊపాడు. ఇంతటి దయగల ప్రేక్షకులు ఏ దేశంలోనైనా ఉన్నారా? చావబోయేవాణ్ణి కాపాడటానికి ఆరువందల మంది! మన జిల్లాలో మామూలుగా చావబోయేవాడికి ఇందులో పదో వంతు మంది దొరికినా చాలు.

శ్రీరంగప్ప తెర పక్కన, ప్రాంప్టర్ పీట మీద, చేతులు ఒళ్లో పెట్టుకొని కూర్చున్నాడు. ఆయనకు ఏ కేకా వినబడటం లేదు. మూడో అంకం కోసం కాచుకొని ఉన్నాడు.

వచ్చింది మూడో అంకం. డాక్టరు అందరినీ వరసగా నిలబెట్టాడు. "ఇప్పుడు ఒప్పుకొంటాడు చూడు," అని హాలంతా సర్దుకొని కూర్చుంది. సుంకప్ప గొంతు సవరించుకున్నాడు. ఇంతలో యేసన్న చెంబుతో వచ్చాడు. ఎప్పటిలా పక్కకు పోలేదు. స్టేజీ నడుమ నిలబడ్డాడు. చెంబు తలకిందులు చేసి నీళ్లు నేలమీద పోశాడు.

"నేనే సంపినా," అన్నాడు. "ఇంగ చిత్తం అనను."

ఆరువందల గొంతుల్లోంచి ఒక్కసారిగా, "ఆఁ!"

మూడేండ్ల చీటీలకు వచ్చిన ఫలితం! శ్రీరంగప్ప పీట మీద కళ్లు మూసుకున్నాడు. ఆ సుఖం ఎంతసేపు? ఒక చెనిక్కాయ ఒలిచేంత సేపు.

"అచ్చులో అట్ల లేదే!" అని ఒక గొంతు.

అంతే! ఆరువందల జేబుల్లోంచి, రొండిల్లోంచి, కొంగుముడుల్లోంచి హ్యాండ్‌బిల్లులు బయటికి వచ్చాయి. "ఈడ చూడు, సుంకప్ప, మేస్త్రీ!" "ఎర్రసిరాతో ఏసినారు గదప్పా!" "దుడ్లిచ్చి టికెట్టు కొన్న్యాం, ఏరే హంతకున్ని చూపిస్తారా?" "మోసం!"

సుంకప్ప ఊరుకుంటాడా? ముందుకు వచ్చి రొమ్ము మీద గుద్దుకున్నాడు. "నేనే సంపినా! నెల రోజులుగా ఊరంతా నన్నే అంటాండాది. ఇప్పుడు వచ్చి నీళ్లచెంబోడు సంపినానంటే నా మర్యాద ఏం గావల్ల?"

"ల్యా, నేనే సంపినా!" అన్నాడు యేసన్న. "సుంకన్నా, రాజువి నువ్వే, దేవునివి నువ్వే. ఒక్క హత్య నాకు ఇడిస్తే నీ సొమ్మేం పోతాది?"

లోకంలో ఎక్కడైనా నేరాన్ని పక్కవాడి మీదికి తోస్తారు. ఈ నాటక సమాజంలో చేతుల్లోంచి గుంజుకున్నారు! ముందు వరసలో ఇన్‌స్పెక్టరు గారు టోపీ తీసి తల తుడుచుకున్నారు. "నా సర్వీసులో ఒక్కడు ఒప్పుకొనేదానికే నాలుగు దినాలు పడతాది. ఇట్ల ఇద్దరు పోటీ పడిన కేసు ఇదే మొదులు," అన్నారు.

జనం స్టేజీ మీదికి రాబోతుండగా బసప్ప తెర పక్కకు పరుగెత్తి, శ్రీరంగప్పను చెయ్యి పట్టుకొని నడిమికి లాక్కొచ్చాడు. "రాసినోడు ఇతనే! ఎవురు సంపినారో ఇతనే చెప్తాడు. చెప్పప్పా!"

శ్రీరంగప్ప జనం వైపు తిరిగాడు.

"సంపింది..." అన్నాడు.

అలవాటు ఎక్కడికి పోతుంది? సగం హాలు, "సుంకప్ప!" అని అందించింది. మిగతా సగం, "యేసన్న!" అని తోసింది.

శ్రీరంగప్ప అటు చూసి కాదన్నట్టు తల ఊపాడు. ఇటు చూసి కూడా కాదన్నట్టు తల ఊపాడు.

"ఇద్దరూ కాదు," అన్నాడు.

ఈసారి "ఆఁ" కూడా రాలేదు. అందరి నోళ్లూ తెరుచుకొని అట్లాగే ఉండిపోయాయి. అందించడానికి మూడో పేరు ఎవరి దగ్గరా లేదు. హ్యాండ్‌బిల్లు తిప్పి చూశారు. వెనక బసప్ప బట్టల అంగడి ప్రకటన తప్ప ఏమీ లేదు. పైన రేకులు ఎండకు టక్కుమన్న చప్పుడు వినిపించింది. పసిపిల్లలు కూడా ఏడుపు మానేశారు. ఆరువందల మంది, ఒక ఇన్‌స్పెక్టరు, ఇద్దరు హంతకులు, ఆ మనిషి నోటి వైపే చూస్తున్నారు.

"సంపింది..." అన్నాడు మళ్లీ.

ఒక లారీ పోయింది. ఎవరూ కదల్లేదు.

శ్రీరంగప్ప అందరినీ తృప్తిగా చూశాడు. రెండు చేతులూ జోడించాడు. మెట్లు దిగాడు. జనం ఆయన ఆగి చెప్తాడేమోనని దారి ఇచ్చారు. ఆగలేదు. నేరుగా ఇంటికి పోయాడు.

అదీ జరిగింది! నాలుగేండ్లయింది. ఈనాటికీ చంపిందెవరో తాడిపత్రిలో ఒక్కడికీ తెలియదు. పెద్దాసామే కిటికీ తెరుచుకొని గాలికి చచ్చాడని ఒక పార్టీ. అసలు చావలేదని, మందు భుజం మీద పోసుకున్నది తాము చూశామని ఇంకొక పార్టీ. ఈ రెండు పార్టీలు గుత్తి బస్సులో ఒకవైపు కూర్చోవు. ఇన్‌స్పెక్టరు గారికి బదిలీ అయినా, నెలకొక కార్డు రాసి, "దయచేసి ఇప్పటికైనా తెలుపగలరు" అని శ్రీరంగప్పను అడుగుతూనే ఉన్నారు.

ఇక శ్రీరంగప్ప నోరు తెరిస్తే చాలు, ఊరు ఊరంతా ఆగిపోతుంది. ఏ వాక్యం చివర ఆ పేరు జారిపడుతుందో ఎవరికి తెలుసు? "ఈ లోడు..." అంటే యజమాని కలం కింద పెట్టి, ఊపిరి కూడా పీల్చకుండా కూర్చుంటున్నాడు. బండలు ధర్మవరానికి చేరుతున్నాయి. గుంతకల్లులో కొత్త అరుగులు ఆగిపోయాయి. ఎంత నష్టం!

ఇప్పుడు బయటికి రండి, ముందే చెప్పేసే మహానుభావులారా! టాకీసులో నా వెనక కూర్చొనేవాడా, బస్సులో నా పక్కన కూర్చొనేవాడా, ఇంత సేపు పొగిడించుకున్నారు గదా, చెప్పండి చూద్దాం. చంపిందెవరు? ఒక్కరూ నోరు మెదపరే? అసలు ఇన్నాళ్లూ మీకు ఏం తెలిసి చెప్పారు? ఎదుటివాడు చెప్పేది చివరి దాకా వినండయ్యా అని నేను మొదటి వాక్యంలోనే అని ఉంటే, "ఆ, తెలుసులే," అని పేజీ తిప్పేసేవాళ్లు కారా? అందుకే పొగిడాను. పొగిడితే చివరి దాకా వింటారని.

అందరికంటే ఎక్కువ ఓపిక నేర్చుకున్నది హనుమంతమ్మ. ఆ ఆదివారం సాయంత్రమే మొదలైంది ఆమె చదువు. సంగటి తట్ట ముందు పెట్టి, ఎదురుగా కూర్చొని, "ఏమయ్యా, నాకన్నా చెప్పు, సంపిందెవురు?" అంది.

శ్రీరంగప్ప ముద్ద చేసుకుంటూ, "సంగటిలోకి..." అన్నాడు.

హనుమంతమ్మ పెదవులు కదిలాయి. మళ్లీ గట్టిగా మూసుకుంది. గరిటె చేతిలో పట్టుకొని, కళ్లార్పకుండా చూస్తూ ఉండిపోయింది.

"...ఇంకొంచెం..." అన్నాడు.

ఆమె కదల్లేదు.

"...ఊరిబిండి ఎయ్యి."

గరిటెడు పచ్చడి వేసింది. వేసి, ఇంకా అక్కడే కూర్చొని, "అంతేనా?" అంది. "ఇంకేమన్నా చెప్పేది ఉండాదా?"

"ఉండాది," అని శ్రీరంగప్ప ముద్ద నోట్లో పెట్టుకున్నాడు.